‘చట్టబద్ధం’ అంటే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. నాది హన్మకొండ, ఇంగ్లిషు నుంచి అనువాదాలు చేస్తాను. మొన్న ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాయితం వచ్చింది. ‘లీగల్లీ బైండింగ్’ అన్నచోటల్లా ‘చట్టబద్ధం’ అని రాయాలని పదాల పట్టికలో ముందే పెట్టి పంపారు. రాశాను గానీ మనసొప్పలేదు.

మా ఇంటి కింద డీటీపీ సెంటర్ నడిపే తమ్ముడికి చదివి వినిపించాను: ‘ఇది మీకూ మా సంస్థకూ మధ్య చట్టబద్ధమైన ఒప్పందం.’ చేతిలో ఉన్న పెళ్లికార్డు ప్రూఫు పక్కన పెట్టి, ‘అంటే గవర్నమెంటు పర్మిషన్ ఉన్న కంపెనీ అన్నట్టా అక్కా?’ అన్నాడు.

‘కాదు తమ్మీ, దీంట్ల రాసినదానికి నువ్వు కట్టుబడాలె.’

‘గట్ల రాయాలె గదా మరి! ఇన్నేండ్ల సంది చదవకుండనే ‘ఒప్పుకుంటున్నా’ బటన్ ఒత్తుతున్న.’

తప్పు అతనిది కాదు. ‘బద్ధం’ అంటే కట్టబడినది, నిజమే. కానీ వాడుకలో చట్టబద్ధం అంటే చట్టప్రకారం నడిచేది: చట్టబద్ధమైన వ్యాపారం, చట్టబద్ధమైన వారసుడు. కట్టిపడేసేది అన్న అర్థం అందులోంచి ఎప్పుడో జారిపోయింది. మనకు రెండు మంచి మాటలున్నాయి. కాయితం చెల్లుతుంది, మనిషి కట్టుబడతాడు. వీలునామా చెల్లుతుందా లేదా అంటాం, ఇచ్చిన మాటకు కట్టుబడ్డాడు అంటాం. లైసెన్సుకు ఈ రెండూ కావాలని నా పట్టు.

కరీంనగర్ సభ్యుడు: మాట సంగతి సరే మేడం. ఎక్కడో అమెరికాలో రాసిన కాయితం ఇక్కడ చెల్లుతుందా? సంతకం లేదు, స్టాంపు లేదు.

జవాబు: చాలావరకు చెల్లుతుంది సార్. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో కాంట్రాక్టు చెల్లకుండా పోదని మన ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతుంది. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం దానికీ వర్తిస్తుంది. 18 ఏళ్లు నిండని పిల్లవాడు బటన్ నొక్కితే వాడు కట్టుబడక్కర్లేదు.

అమెరికాలోనే కోర్టులు రెండు తీర్లుగా చెప్పాయి. సాఫ్ట్‌వేర్ డబ్బా లోపల పెట్టిన షరతులు కూడా చెల్లుతాయని 1996లో ప్రోసీడీ అనే కంపెనీ కేసులో ఒక అప్పీలు కోర్టు అంది. 2002లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ కేసులో ఇంకో అప్పీలు కోర్టు, డౌన్‌లోడ్ బటన్‌కు దిగువన, పేజీ కిందికి జరిపితే తప్ప కనపడని చోట షరతులు పెడితే జనం కట్టుబడక్కర్లేదంది.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది యూరప్ సంగతి. లైసెన్సు ఇంకొకరికి బదిలీ చేయరాదని ఒరాకిల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కాయితంలో ఉంది. కానీ ఎన్నాళ్లయినా వాడుకునేలా డబ్బు కట్టి కొన్న కాపీని తిరిగి అమ్ముకోవచ్చని 2012లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. మిగతా కాయితం ఉన్నదున్నట్టే ఉంది, ఆ ఒక్క షరతు ఆ అమ్మకం ముందు చెల్లలేదు. ‘చట్టబద్ధం’ అనే ఒక్క మాటతో ఈ తేడా ఎట్లా చెబుతాం?

జనగామ సభ్యురాలు: ‘కరారు’ ఎందుకు వద్దు అక్కా? మా తాత పెట్టెలో ఉన్నవన్నీ కరారునామాలే.

జవాబు: నాకూ ఇష్టమైన మాటే చెల్లీ. కౌలు కూడా అట్లాంటిదే, అరబ్బీలో దానికి ‘మాట’ అనే అర్థం. మాట ఇచ్చి పొలం తీసుకుంటారు, ఎంత బాగుంది! కానీ కరారు కాయితానికి పేరు. నాకు కావలసింది ఆ కాయితం ఏం చేస్తుందో చెప్పే క్రియ. పైగా ఇప్పటి పిల్లలకు అదే మాట, ఖరారు, అంటే పెళ్లి తేదీయో, పరీక్ష తేదీయో గుర్తొస్తుంది.

ప్రస్తుతానికి ఇట్లా మార్చి రాశాను: ‘ఒప్పుకుంటున్నాను అని నొక్కితే ఈ షరతులకు మీరు కట్టుబడాలి. మీ దేశ చట్టం ప్రకారం వీటిలో ఏదైనా చెల్లకపోతే అది ఒక్కటే పోతుంది, మిగతావి చెల్లుతాయి.’ ‘పోతుంది’ కొంచెం తేలికగా ఉందా? సోమవారం పంపాలి, ఇంతకన్నా మంచి మాట తడితే చెప్పండి.