భాషా మార్పిడికి వచ్చిన కొరియా విద్యార్థి కూర్చోగానే వయసు అడిగాడు

ప్రశ్న (డేజన్, కొత్త విద్యార్థి):
అందరికీ నమస్కారం. ఎం.ఎస్. చదవడానికి ఈమధ్యే దక్షిణ కొరియా వచ్చాను. నేను ఇంగ్లిషు నేర్పేటట్టు, అతను కొరియన్ నేర్పేటట్టు ఒక విద్యార్థితో ఒప్పందం కుదిరింది. కలవగానే ఎప్పుడు పుట్టావని అడిగాడు. నాది 2001, అతనిది 2002 జనవరి. అది విని ఆలోచనలో పడ్డాడు. ఇక మనం స్నేహితులమేగా అంటే నవ్వి ఊరుకున్నాడు. నొచ్చుకున్నాడంటారా?

సువన్ పాతకాపు:
నొచ్చుకోవడం కాదు తమ్ముడూ, లెక్క వేసుకుంటున్నాడు. ఇక్కడ వయసు తేలందే క్రియ చివర ఏం పెట్టాలో తేలదు. 'చింగు', అంటే స్నేహితుడు, అని ఒకే ఏడు పుట్టినవాళ్లనే అంటారు. మగవాడు తనకంటే పెద్దవాణ్ణి 'హ్యంగ్' (అన్న) అనాలి. 'ఒప్పా' అంటే కూడా అన్నే, కానీ అది ఆడపిల్లల మాట, సీరియళ్లు చూసి నువ్వు అనేయకు. మర్యాద వదిలి చనువుగా మాట్లాడే 'బన్మల్' పెద్దవాడు సరేనన్నాకే. భోజనానికి వెళ్తే తరచుగా పెద్దవాడే డబ్బు ఇస్తాడు, తర్వాత కాఫీ నువ్వు ఇప్పించు. పెద్దవాళ్ల గ్లాసులో మద్యం పోసేటప్పుడు రెండు చేతులూ వాడు, తాగేటప్పుడు ముఖం పక్కకు తిప్పు.

సోల్ నివాసి:
ఇవన్నీ తర్వాత, ముందు ఇల్లు చూసుకో. నేను గది ఖాళీ చేసినప్పుడు యజమాని అడ్వాన్సు ఇవ్వనన్నాడు. గోడ కాగితానికి తిరగమోత వాసన పట్టిందట! మొదటి రోజు నుంచీ నాతో బన్మలే మాట్లాడేవాడు. మా ప్రయోగశాల హ్యంగ్‌కు చెబితే అక్కడికక్కడే ఫోను చేశాడు. ఎదుట మనిషి లేకపోయినా లేచి నిలబడి, ఫోనుకే వంగుతూ, మాటమాటకూ 'సాజంగ్‌నిమ్' (యజమాని గారూ) అంటూ మాట్లాడాడు. అంత మర్యాద విన్నాక ఆయన కసరలేకపోయాడు. కాగితం మార్చే ఖర్చు పట్టుకుని మిగతాది వేశాడు. అందుకే చెబుతున్నా, చింగులు పదిమంది దొరికినా ఒక హ్యంగ్‌ను సంపాదించుకో.

ఇంచన్ ఉద్యోగి:
పాతకాపు గారూ, ఏ కాలంలో ఉన్నారు? 2023 జూన్ 28 నుంచి అందరికీ అంతర్జాతీయ వయసే, అంటే నిండిన ఏళ్లే. పుట్టగానే ఒక ఏడు, జనవరి ఒకటిన ఇంకో ఏడు కలిపే పద్ధతి పోయింది. మా ఆఫీసులో అందరినీ పేరు చివర 'నిమ్' (గారు) చేర్చే పిలుస్తాం.

సువన్ పాతకాపు:
అది కాగితాల లెక్క. బడిలో చేర్చడానికి, సైన్యానికి, మద్యం సిగరెట్లు అమ్మడానికి ఇప్పటికీ పుట్టిన సంవత్సరమే చూస్తారు. విశ్వవిద్యాలయంలో దానికి తోడు చేరిన ఏడాది, 'హక్‌బన్'. ముందు చేరినవాడు సన్‌బే, వెనక చేరినవాడు హూబే. సైన్యంలో ఏడాదిన్నర చేసి వచ్చిన కుర్రాళ్లు తమకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుంటారు, అక్కడ మీ అంతర్జాతీయ వయసు ఏం తేలుస్తుంది? ఇక 'నిమ్' సంగతంటారా, సాయంత్రం విందులో ముందు ఎవరి గ్లాసు నింపుతున్నారో చూడండి.

ఇంచన్ ఉద్యోగి:
మా దగ్గర విందులే తగ్గిపోయాయి లెండి.

బుసాన్ అక్క:
అబ్బాయి అడిగింది ఒక్కరూ పట్టించుకోలేదు. బాబూ, అప్పట్లో జనవరి, ఫిబ్రవరిల్లో పుట్టిన పిల్లలు ఒక ఏడాది ముందే బడిలో చేరేవాళ్లు. వాళ్లను 'పరున్' అంటారు. 2003 నుంచి పుట్టినవాళ్లకు అది లేదు, కాబట్టి మీవాడిది ఆఖరి జట్టు. 2001లో పుట్టినవాళ్లతో చదివి ఉంటే నువ్వు చింగువే. కానీ పుట్టిన ఏడు చూస్తే నువ్వే హ్యంగ్‌వి! అతను తటపటాయించింది అక్కడే. ఏ ఏడాదివాళ్లతో చదువుకున్నావని అడుగు, వెంటనే చెబుతాడు.

ఇంకో మాట. దగ్గరయ్యాక వీళ్లు బన్మలే నేర్పుతారు, హాయిగా ఉంటుంది. అదే అలవాటైతే ప్రొఫెసరు ముందు నోరు తిరగదు. వారంలో ఒక రోజు మర్యాద రూపంలోనే మాట్లాడమని ఇప్పుడే అడిగి పెట్టుకో.

ప్రశ్న అడిగినవారు:
అడిగాను అక్కా. 2001 వాళ్లతోనే చదివాడట. మరి అతని తమ్ముడూ వస్తానంటున్నాడు, 2003 ఫిబ్రవరి. అతను నన్ను హ్యంగ్ అనాలా?

సువన్ పాతకాపు:
అనాలి. భోజనం డబ్బు నువ్వే తీయి.