అప్‌డేట్: డ్యూటీలో తుమ్ములు, రాత్రి ఆయాసం

రెండు నెలల కిందట అడిగాను కదా, వాడేసిన క్యాటలిస్ట్ (రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం) నుంచి ప్లాటినం తీసే యూనిట్‌లో చేస్తున్నాను, తుమ్ములు, కళ్ల మంట, రాత్రిళ్లు పిల్లికూతలు, ఇది మామూలు దుమ్ము ఎలర్జీయేనా అని. కాదట.

ఊపిరితిత్తుల డాక్టర్ చేతికి పీక్ ఫ్లో మీటర్ (గట్టిగా ఊదితే గాలి ఎంత వేగంగా బయటికి వస్తోందో చూపే గొట్టం) ఇచ్చి, డ్యూటీ రోజుల్లోనూ సెలవుల్లోనూ రోజుకు నాలుగుసార్లు ఊది రాయమన్నారు. నాలుగు వారాల కాగితం చూస్తే నాకే అర్థమైంది. ఆదివారం పైకి, సోమవారం నుంచి కిందికి.

అసలు దోషి ట్రేలో ఆరాక నేను గరిటెతో గీకే ఆ పసుప్పచ్చ పొడి, అమోనియం క్లోరోప్లాటినేట్. ప్లాటినం లోహంతో ఈ గొడవ లేదు (మా ఆవిడ ఉంగరం గురించి కంగారు పడింది, పాపం). క్లోరిన్ కలిసిన లవణాలతోనే ఎలర్జీ. 1945లో బ్రిటన్ రిఫైనరీల్లో 91 మందిని పరిశీలిస్తే 52 మందికి ఆస్తమా లక్షణాలు కనిపించాయట! అమెరికాలో కరిగే లవణాలకు పరిమితి ఘనపు మీటరు గాలికి 0.002 మిల్లీగ్రాములు. అంటే కంటికి కనిపించేంత పొడి లేచిందంటే అప్పటికే చాలా ఎక్కువ. మాకేమో గుడ్డ మాస్కులు.

సిగరెట్ తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువని తెలిసి మానేశాను, మూడు వారాలైంది. ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే మాస్కును నమ్ముకుని అక్కడే ఉండకూడదని డాక్టర్ గట్టిగా చెప్పారు. మేనేజర్ మొదట "అందరికీ లేనిది నీకేంటి" అన్నాడు. సర్టిఫికెట్ చూపించాక స్టోర్స్‌కి మార్చారు. జీతం అంతే, షిఫ్ట్ అలవెన్స్ పోయింది.

పిల్లికూతలు తగ్గాయి. ఇన్‌హేలర్ మాత్రం ఇంకా జేబులోనే ఉంది.