సిలికాన్‌లో ఈగెయిన్ ఛానెల్: తీగ కలిపేచోట రెసిస్టెన్స్ నిలవట్లేదు, ఏం చేయాలి?

ఎకోఫ్లెక్స్ 00-30 సిలికాన్‌లో 0.5 మి.మీ. వెడల్పు, 0.2 మి.మీ. లోతు, 60 మి.మీ. పొడవున్న ఛానెల్‌లోకి సిరంజితో ఈగెయిన్ (మామూలు గది వేడిలోనే ద్రవంగా ఉండే లోహ మిశ్రమం) ఎక్కించాను. బరువులో గాలియం 75.5, ఇండియం 24.5 శాతం. సాగదీయకముందు నాలుగు తీగల పద్ధతిలో (మీటర్ తీగల రెసిస్టెన్స్ కలవకుండా కొలవడం) 0.18 ఓం వస్తోంది, లెక్కకి సరిపోయింది. రెట్టింపు పొడవుకి లాగితే ఛానెల్ అడ్డుకోత సగమవుతుంది కాబట్టి నాలుగింతలు, అంటే 0.7 ఓం దగ్గర ఆగాలి కదా? 2 ఓంలు దాటి ఎగిరెగిరి పడుతోంది, వదిలేసినా వెనక్కి రావట్లేదు.

అనుమానమంతా చివర్ల మీదే. రాగి తీగ గుచ్చినచోట వేలితో నొక్కితే రీడింగ్ దిగిపోతోంది. మెత్తటి సిలికాన్ గట్టి తీగ నుంచి విడిపోయి గాలి దూరుతోందనుకుంటా. పైగా గాలియం రాగిని మెల్లగా తినేస్తుంది.

సిల్-పాక్సీ అనే సిలికాన్ జిగురు పూస్తే సిలికాన్‌కి అంటుకుంటోంది గానీ తీగని పట్టుకోవట్లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగకి మారితే ఈగెయిన్ దాన్ని సరిగ్గా తడపదేమో? చివరి 10 మి.మీ. సాగకుండా లోపల గుడ్డ పొదిగినవాళ్లున్నారా? గుడ్డ అంచున చిరగకుండా ఏం చేశారు?