ఎమ్మాయు దారిలో ఆ ఇద్దరూ యేసుని ఎందుకు గుర్తుపట్టలేదు?

సండేస్కూల్_అక్క:
అందరికీ వందనాలండి. వచ్చే ఆదివారం పెద్దపిల్లల క్లాసుకి లూకా 24 చెప్పాలి, సమాధి నుంచి లేచిన యేసు ఎమ్మాయు అనే ఊరికి వెళ్తున్న ఇద్దరు శిష్యుల పక్కనే నడిచినా, భోజనం దగ్గర రొట్టె విరిచేదాకా వాళ్ళు ఆయన్ని గుర్తుపట్టని కథ. పోయిన వారం ఊరికే చదివిస్తుంటే ఒక పిల్లాడు లేచి "అక్కా, అంత దూరం పక్కనే నడిచాడు కదా, మొహం చూళ్ళేదా వాళ్ళు" అన్నాడు. 16వ వచనం చూపించా, వాళ్ళ కన్నులు మూయబడెను అని ఉంది కదా అని. వెంటనే "ఎవరు మూశారు?" అన్నాడు, క్లాసంతా నవ్వు, నాకు నోట మాట రాలేదు. మీరైతే ఏం చెప్తారు?

గోదారిగట్టు:
సిస్టర్ సింపుల్, మార్కు 16:12 చూడండి, మారురూపంలో కనబడ్డాడు అని ఉంది. రూపమే మారిపోతే ఎలా గుర్తుపడతారు.

పాతబైబిలు:
బ్రదర్, మార్కు 16లో 9వ వచనం నుంచి చివరిదాకా ఉన్న భాగం సినాయ్, వాటికన్ అనే పాత చేతిరాత బైబిలు ప్రతుల్లో లేదు, రెండూ 4వ శతాబ్దంవి. అయినా లూకా రూపం మారిందనట్లేదు, తేడా వీళ్ళ కళ్ళల్లో ఉందంటున్నాడు. ఎవరు మూశారంటే దేవుడే అని చాలామంది చెప్తారు, కాదనను, కానీ అక్కడితో ఆగిపోతే కథలో అసలు సంగతి పోతుంది. 21 నుంచి 24 దాకా మళ్ళీ చదవండి, సిలువ సంగతి తెలుసు, సమాధి ఖాళీ అని తెలుసు, ఆడవాళ్ళు వచ్చి ఆయన బతికే ఉన్నాడని చెప్పారనీ తెలుసు, ఇన్ని తెలిసి కూడా యెరూషలేము వదిలి వెళ్ళిపోతున్నారు, పైగా మూడోరోజు కూడా అయిపోయింది అంటూ ఆ కబురంతా ఆయనకే చెప్తున్నారు! ఇశ్రాయేలుని విడిపించేది ఈయనే అనుకున్నాం అంటారు చూశారా, వాళ్ళు ఎదురుచూసిన మనిషి వేరు. సిలువెక్కినవాడు ఆ లెక్కలోకి రాడు.

సండేస్కూల్_అక్క:
అయితే రొట్టె విరవగానే ఎలా తెలిసిందండీ? సిలువకి ముందు రాత్రి శిష్యులకి రొట్టె విరిచి ఇచ్చిన ప్రభు రాత్రి భోజనం గుర్తొచ్చిందని మా పాస్టర్ గారు అంటారు.

పాతబైబిలు:
అది పన్నెండుమంది శిష్యులతో జరిగింది కదా సిస్టర్. ఈ ఇద్దరిలో పేరు చెప్పింది క్లెయొపా ఒక్కడిదే, ఇద్దరూ యూదా పోగా మిగిలిన ఆ పదకొండుమందిలో వాళ్ళు కాదు, 33వ వచనంలో తేలిపోతుంది. కాకపోతే లూకా 9లో అయిదువేలమందికి పెట్టినప్పుడూ పట్టుకుని, ఆశీర్వదించి, విరిచి ఇచ్చాడు, అది చూసుండొచ్చు. ఇంకోటి, ఇక్కడ ఆయన అతిథి. మనింటికి భోజనానికి పిలిచినాయన గరిటె అందుకుని మనకే వడ్డిస్తే ఎలా ఉంటుంది? అలాంటి పని ఎవరు చేస్తారో వాళ్ళకి తెలుసు.

లండన్_తెలుగు:
ఇక్కడ నేషనల్ గ్యాలరీలో ఇటలీ చిత్రకారుడు కరవాజియో 1601లో వేసిన ఎమ్మాయు భోజనం బొమ్మ ఉంది. యేసుకి గడ్డం ఉండదు, కుర్రాడిలా ఉంటాడు, నేనే ఒక్క క్షణం పోల్చుకోలేకపోయా😀 ఒక శిష్యుడు కుర్చీ మీంచి లేవబోతున్నాడు, ఇంకొకడు రెండు చేతులూ బార్లా చాపేశాడు. పక్కన టోపీ పెట్టుకుని సత్రం ఆయన నిలబడి ఉంటాడు, అదే రొట్టె, అదే చెయ్యి చూస్తున్నాడు, మొహంలో మాత్రం ఏమీ లేదు. పిల్లలకి ఫోన్లో చూపించండి, వీళ్ళల్లో ఎవరికి తెలిసింది, ఎవరికి తెలీలేదు అని అడగండి.

గోదారిగట్టు:
సరే మార్కుది వెనక్కి తీసుకుంటున్నా. నాకు నచ్చేది తర్వాత ముక్క. పొద్దుగూకింది, ఇక్కడే ఉండిపో అని ఆయన్ని బలవంతపెట్టింది వీళ్ళే కదా, ఆయన ఎవరో తెలియగానే ఆ గడియలోనే లేచి చీకట్లో వెనక్కి బయల్దేరారు. మన బైబిల్లో ఆమడ దూరం అని ఉంది, గ్రీకులో అరవై స్టాడియాలు, అంటే దాదాపు 11 కిలోమీటర్లు. అప్పటికే అంత దూరం నడిచొచ్చిన కాళ్ళే.

సండేస్కూల్_అక్క:
థాంక్యూ అండి అందరికీ. బొమ్మ ప్రింట్ తీయిస్తున్నా, ఇంట్లోంచి చపాతీ కూడా తీసుకెళ్తా, ఆ పిల్లాడి చేతే విరిపిస్తా. మళ్ళీ ఎవరు మూశారు అంటే పాతబైబిలు గారి నంబరు ఇచ్చేస్తా😀