రిక్వైర్‌మెంట్లను టెస్ట్ కేసులతో జతపరిచే పనిని ఎన్‌ఎల్‌పీకి (మనుషుల భాషను కంప్యూటర్‌తో విశ్లేషించే పద్ధతులకు) అప్పగించవచ్చా?

ప్రశ్న

మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో 600 రిక్వైర్‌మెంట్లు (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే వాక్యాలు), 2,000 టెస్ట్ కేసులు ఉన్నాయి. ఏ రిక్వైర్‌మెంటును ఏ టెస్టు పరీక్షిస్తోందో చూపే ట్రేసబిలిటీ పట్టికను ఏడాదిగా ఎవరూ సరిచేయలేదు. ఉమ్మడి మాటలను బట్టి పోలికకు స్కోరు ఇచ్చే టీఎఫ్-ఐడీఎఫ్ పద్ధతితో పోల్చి చూస్తే, "వాడుకరి 15 నిమిషాలు ఏ పనీ చేయకపోతే లాగౌట్ చేయాలి" అనే రిక్వైర్‌మెంటుకూ, దాన్నే పరీక్షించే "సెషన్ టైమౌట్ సరిచూపు" అనే టెస్టుకూ మధ్య స్కోరు సున్నా వచ్చింది. వాక్యాల అర్థాన్ని బట్టి పోల్చగల బెర్ట్ వంటి భాషా మోడల్‌కు మారితే పట్టికను పూర్తిగా దానికే వదిలేయవచ్చా?

జవాబు 1

టీఎఫ్-ఐడీఎఫ్ మాటలనే లెక్కిస్తుంది కాబట్టి, ఉమ్మడి మాట ఒక్కటీ లేని చోట సున్నా రాక తప్పదు. ఇది పాత ఇబ్బందే. డాక్యుమెంట్లకూ సోర్స్ కోడ్‌కూ మధ్య లింకులను వెలికితీయడానికి మార్కస్, మాలెటిక్ అనే పరిశోధకులు 2003లోనే ఎల్‌ఎస్‌ఐ పద్ధతిని (మాటలు కలిసి వచ్చే తీరును బట్టి వాటి సంబంధాన్ని పట్టే పద్ధతి) వాడారు. బెర్ట్ వంటి మోడళ్లు ఇచ్చే వాక్య ఎంబెడింగులు (వాక్యం అర్థాన్ని అంకెల వరుసగా మార్చినవి) ఈ లోటును చాలావరకు తీరుస్తాయి గానీ, "ఖాతాను లాక్ చేయాలి", "ఖాతాను లాక్ చేయకూడదు" అనే రెండింటినీ అవి తరచుగా దగ్గరి వాక్యాలుగానే చూస్తాయి. 15 నిమిషాలకూ 30 నిమిషాలకూ ఉన్న తేడా కూడా స్కోరులో అంతగా కనిపించదు. రిక్వైర్‌మెంటుకు ప్రాణం ఆ అంకెలోనే ఉంటుంది. అందువల్ల పట్టికను మోడల్‌కు వదిలేయకండి. మీ దగ్గర 12 లక్షల జతలు ఉన్నాయి. ఒక్కో రిక్వైర్‌మెంటుకు స్కోరులో పైనున్న పది టెస్టులనే తీసుకుంటే, మనిషి చూడవలసినవి 6,000కు తగ్గుతాయి. అంత మేలు చాలు.

జవాబు 2

ఆ పది సరిపోతాయో లేదో ముందు కొలవండి. వేర్వేరు మాడ్యూళ్ల నుంచి 50 రిక్వైర్‌మెంట్లను ఎంచుకుని, వాటి లింకులను చేత్తో రాసి, ఆ లింకుల్లో ఎన్ని మోడల్ ఇచ్చిన జాబితాలోకి వచ్చాయో చూడండి. నా అనుభవంలో ప్రెసిషన్ (చూపిన లింకుల్లో సరైనవి ఎన్ని) కంటే రికాల్ (సరైన లింకుల్లో చూపినవి ఎన్ని) ముఖ్యం: తప్పు లింకును చూసినవారు కొట్టేయగలరు, జాబితాలోకే రాని లింకును మాత్రం ఎవరూ వెతకరు. ఇంకొక మాట, పరిశీలించేవారికి స్కోరు చూపించకండి. మా బృందంలో 0.9 కనబడగానే టెస్టు తెరవకుండానే ఆమోదించేవారు.

జవాబు 3

మీది విమానయాన సాఫ్ట్‌వేర్ అయితే ఆ రంగపు సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన డీఓ-178సీ ప్రకారం లింకులు రెండు వైపులా (రిక్వైర్‌మెంటు నుంచి టెస్టుకూ, టెస్టు నుంచి రిక్వైర్‌మెంటుకూ) ఉండాలి. టెస్టు దొరకని రిక్వైర్‌మెంట్లతో పాటు, ఏ రిక్వైర్‌మెంటుకూ చెందని టెస్టులను కూడా విడిగా తీయండి. మోడల్ ప్రతిదానికీ ఏవో పది చూపిస్తుంది కనుక, "ఇందులో ఏదీ కాదు" అని నమోదు చేసే వీలు పరిశీలించేవారికి తప్పకుండా ఉండాలి.