ఉద్దానం: కుళాయి నీళ్లు పనిచేశాయో లేదో ఏ లెక్కతో తేలుస్తాం?

హిరమండలం_గట్టు:
శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలని కిడ్నీ జబ్బు మీద ఎక్కడ మాట మొదలైనా మూడో వాక్యానికల్లా నీళ్ల మీదికి పోతుంది, అక్కణ్నుంచి తిట్లలోకి. ఈసారి ఒక్క ప్రశ్నకే కట్టుబడదాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలకు హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ 2023 డిసెంబరు 14న ఒకే రోజు ప్రారంభించారు. అయిదేళ్లాగి మళ్లీ సర్వే చేద్దాం. జబ్బు శాతం పడిపోతే తప్పు ఇన్నాళ్లూ తాగిన బోరు నీళ్లదే, పడకపోతే కాదు. పోల్చుకోడానికి పాత అంకెలున్నాయి: 2019లో అచ్చయిన సర్వే 2,210 మందిని చూసి 18 శాతానికి పైగా జబ్బు ఉందంది. మరుసటి ఏడాది అచ్చయిన సర్వే 2,400 మందికి పైగా చూసి ఇంచుమించు అయిదో వంతు అంది. ఇంత సూటి విషయాన్ని మెలికలు తిప్పడం దేనికి?

సీరం_గొట్టం:
సూటిగా తేలదండీ. ఆ శాతాలు ఏ గీత మీద నిలబడ్డాయో చూడండి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంచనా) 60 కంటే తగ్గాలి, లేదా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కూ క్రియాటినిన్ అనే వ్యర్థానికీ ఉన్న నిష్పత్తి 30 దాటాలి, అదీ మూడు నెలలు పైబడి ఉండాలి. అప్పుడే దీర్ఘకాలిక జబ్బు అంటారు. 45 ఏళ్ల మగమనిషిని తీసుకోండి. రక్తంలో క్రియాటినిన్ 1.4 వస్తే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రం (క్రియాటినిన్ నుంచి ఈజీఎఫ్ఆర్ లెక్కగట్టేది) ప్రకారం ఈజీఎఫ్ఆర్ 63. అదే 1.5 వస్తే 58. డెసిలీటరుకు 0.1 మిల్లీగ్రాము తేడాలో ఆరోగ్యవంతుడు కాస్తా రోగుల జాబితాలోకి వచ్చేస్తాడు.

ఆ 0.1 రావడానికి కిడ్నీ పాడవ్వక్కర్లేదు. ఊళ్లో తీసిన రక్తం నుంచి సీరాన్ని (గడ్డ తీసేశాక మిగిలే ద్రవాన్ని) వేరుచేయకుండా గొట్టంలోనే రాత్రంతా ఉంచి మర్నాడు సెంట్రిఫ్యూజ్‌లో (గిరగిరా తిప్పి వేరుచేసే యంత్రంలో) తిప్పితే, రంగు చూసి కొలిచే జాఫే పద్ధతికి క్రియాటినిన్‌లా కనబడే ఇతర పదార్థాలు సీరంలో చేరి అంకె పైకి పోతుంది. ఎంజైమ్ పద్ధతికి ఈ బెడద బాగా తక్కువ. నిన్న సాయంత్రం దాకా ఎండలో గొయ్యి తవ్వినవాడి క్రియాటినిన్ ఈ పొద్దున ఇంకా కిందికి దిగకపోవచ్చు. మాంసం తిన్న కొన్ని గంటలూ అంతే. కాబట్టి కనీసం ఒక రోజు పని ఆపాక, పొద్దున్నే తీయాలి. గడ్డకట్టడానికి అరగంట ఇచ్చి, రెండు గంటల లోపు అక్కడే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరాన్ని వేరే గొట్టంలోకి మార్చి చల్లగా పంపాలి. ఇన్వర్టరు మీద నడిచే చిన్న సెంట్రిఫ్యూజ్ జీపులో పెట్టుకెళ్లడం పెద్ద ఖర్చు కాదు, ఎవరూ పెట్టుకెళ్లరంతే.

ఒక సర్వే జాఫేలో, తర్వాతిది ఎంజైమ్ పద్ధతిలో జరిగితే వంశధార చుక్క గొంతు దిగకపోయినా శాతం తగ్గిపోతుంది. అందుకే రెండు సర్వేల సీరాన్నీ మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచి, ఒకే యంత్రం మీద, ఒకే విడత రసాయనంతో మళ్లీ కొలవాలి. లేకపోతే పోలికే లేదు.

హిరమండలం_గట్టు:
రెండు వేల మందిని చూస్తే ఈ హెచ్చుతగ్గులు ఒకదానికొకటి చెల్లు కావా? కొందరికి 0.1 ఎక్కువ, కొందరికి తక్కువ.

సీరం_గొట్టం:
సగటు తీస్తే చెల్లవుతాయి. గీత గీసి తలలు లెక్కపెట్టేచోట కావు. 60కి పైన ఉండే జనం ఎక్కువ, కింద ఉండేది కొద్దిమంది. కొలతలో ఒణుకు ఉంటే పైనుంచి కిందికి జారేవాళ్లు ఎక్కువ, కిందినుంచి పైకి ఎక్కేవాళ్లు తక్కువ. ఒక్క పరీక్షతో వదిలేసే సర్వేలో శాతం ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది. మూడు నెలల తర్వాత రెండోసారి పిలిస్తే ఈ ఉబ్బు కొంత దిగుతుంది. అయితే పిలిచినవాళ్లంతా రారు, వచ్చేది ఒంట్లో బాగోలేనివాళ్లే. అదో కొత్త తలనొప్పి.

మూడో_షిఫ్టు:
డయాలసిస్ వైపు నుంచి ఒక మాట. జబ్బు శాతం అంటే చెరువు మట్టం లాంటిది. కొత్త రోగులు కాలవ, చావులు తూము. కాలవ సగం కట్టేసినా తూము బిగిస్తే మట్టం పెరుగుతుంది. ఒకప్పుడు విశాఖ వెళ్లి రాలేక మానేసినవాళ్లు ఇప్పుడు పలాసలోనే వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌తో ఏళ్ల తరబడి ఉంటారు. పైగా పింఛను రావాలంటే రిపోర్టు కావాలి కాబట్టి పరీక్షకు వచ్చేవాళ్లూ పెరుగుతారు. నీళ్లూ ఆసుపత్రీ ఒకే రోజు తెరిచారని మీరే రాశారు. శాతం పెరిగితే పథకం దండగ అంటారు, అది అన్యాయం. లెక్కపెట్టాల్సింది ఉన్న రోగుల్ని కాదు, కొత్తగా జబ్బు పడినవాళ్లని.

తోట_నీడ:
ఇంకా పెద్ద చిక్కు మిగిలే ఉంది. కుళాయి గుమ్మం ముందుకొస్తే మారేది నీటి గుణం ఒక్కటే కాదు, తాగే కొలత కూడా. వీధి చివరి బోరు నుంచి బిందె మోసే ఇంట్లో గొంతు తడుపుకుంటారు, కుళాయి ఉన్న ఇంట్లో కడుపునిండా తాగుతారు. ఎల్ సాల్వడార్, నికరాగువాల పసిఫిక్ తీరంలో చెరుకు నరికే కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడ బలంగా నిలిచిన వాదం ఎండ, ఒళ్లు విరిచే పని, ఒంట్లో నీరు చాలకపోవడం. అదే పని ఎత్తు ప్రాంతాల్లో చేసేవాళ్లకు జబ్బు తక్కువగా కనిపించింది. నీళ్లు, నీడ, విరామం ఇచ్చి చూసే ప్రయోగాలు అందుకే మొదలయ్యాయి.

మరి ఉద్దానంలో కొత్త కేసులు నిజంగానే తగ్గాయనుకోండి. మీరు ‘బోరులో ఉన్నదేదో పోయింది’ అంటారు, నేను ‘ఒంట్లో నీరు చాలింది’ అంటాను. ఇద్దరికీ ఒకే అంకె సాక్ష్యం. అలాంటి అంకె ఏ వాదాన్నీ గెలిపించదు.

అడుగు_బోరు:
ఎండే కారణమైతే రెంటచింతల, రామగుండం ఎప్పుడో ఖాళీ అయిపోవాలి. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య బతికే ఉద్దానానికే ఈ శాపం ఏమిటి? చెరుకు కోతలో పడిపోతున్నవాళ్లు ఎక్కువగా కుర్ర మగవాళ్లు. ఇక్కడ ఆడవాళ్లూ తక్కువేం లేరు.

తోట_నీడ:
రెంటచింతలలో థర్మామీటరు ఎక్కువ చూపిస్తుంది, ఒప్పుకుంటాను. ఒంటికి తగిలే వేడి వేరు. తీరంలో గాలి తేమగా ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కొలిస్తే తడి బల్బు (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు), ఎండ వేడిని పట్టే నల్ల గోళం, నీడ ఉష్ణోగ్రతలు మూడూ కలిపి కొలవాలి. ఆడవాళ్ల సంగతి అంటారా, పలాసలో జీడి పిక్కలు కాల్చే, ఉడికించే షెడ్లలో నిలబడి చూడండి, అక్కడికి సూర్యుడితో పనిలేదు. అయినా మీ తర్కమే మీకు తిప్పి పెడతాను. బోరు నీళ్లలో ఫ్లోరైడే కారణమైతే, దానివల్ల వచ్చే ఎముకల జబ్బును 1937లోనే గుర్తించిన కనిగిరి, పొదిలి, దర్శి వైపు, ఇటు నల్గొండలో ఇంటికో కిడ్నీ రోగి ఉండాలి కదా?

అడుగు_బోరు:
ఫ్లోరైడ్ ఒక్కటే అని నేననలేదు. శ్రీలంకలో అనురాధపుర, పొలన్నరువ వైపు ఇలాంటి కిడ్నీ జబ్బుకే కఠిన జలం, ఫ్లోరైడ్, కాడ్మియం, పురుగుమందులు ఒకదాని తర్వాత ఒకటి అనుమానితులయ్యాయి, ఏదీ ఒంటరిగా నిలబడలేదు. నా బాధ వేరే. బోరులో ఏమీ లేదని తేల్చిన రిపోర్టుల్లో నమూనా ఎలా తీశారో చూస్తే నవ్వొస్తుంది. సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) కొలవాలంటే గాజు సీసా పనికిరాదు, గాజే సిలికాని వదులుతుంది. ప్లాస్టిక్ కావాలి. లోహాలకు నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే దించి పంపాలి, లేకపోతే సీసా గోడకు అంటుకుపోయి యంత్రానికి ‘లేవు’ అని కనబడతాయి. ఆమ్లం కలిపిన ఆ సీసాలోంచే ఫ్లోరైడ్ చూడకూడదు. అంటే ఒక్కో బోరుకు కనీసం రెండు సీసాలు. మోటారు వేయగానే పట్టినవి పైపులో నిలవున్న నీళ్లు, కొన్ని నిమిషాలు వదిలేశాకే పట్టాలి. వానకాలంలో ఒకసారి, మే నెలలో ఒకసారి.

ఇంకోటి. పథకం రాకముందు అందరూ బోరు నీళ్లే తాగారన్నది అబద్ధం. 2 రూపాయలకు 20 లీటర్ల ఆర్‌వో క్యాన్లు ఏనాడో వచ్చాయి. వచ్చాక అందరూ కుళాయి నీళ్లే తాగుతున్నారన్నదీ అంతే, పొద్దున తోటకు పోయినవాడు మధ్యాహ్నం తోటలో బోరు దగ్గరే దోసిలి పడతాడు. ‘మీ ఇంట్లో ఏ నీళ్లు’ అని అడిగే ప్రశ్నాపత్రంలో ఆ దోసిలికి గడి లేదు.

వాలు_రేఖ:
ఇద్దరూ ఒక దారికే వస్తున్నారు కాబట్టి డిజైను రాస్తాను, పట్టుకుని చీల్చండి.

శాతం వదిలేద్దాం. 18 నుంచి 35 ఏళ్ల వాళ్లలో ఈజీఎఫ్ఆర్ ఇంకా 60 పైన ఉన్నవాళ్లని ఎంచుకుని, ఏటా ఎంత పడిపోతుందో ఆ వాలు చూద్దాం. రెండు కొలతలతో వాలు గీయడం దండగ. క్రియాటినిన్‌కు మనిషిలోని రోజువారీ తేడా 5 శాతం, యంత్రం తేడా 3 శాతం అనుకుంటే, ఈజీఎఫ్ఆర్‌లో అది 7 శాతం అవుతుంది. 60 దగ్గర 4 పాయింట్లు. ఏడాది ఎడంతో రెండు కొలతలు తీస్తే ఒక మనిషి వాలులో ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె) 6 పాయింట్లు వస్తుంది, అసలు పతనం కంటే పెద్దది. ఆరు నెలలకోసారి చొప్పున మూడేళ్లు, ఏడు కొలతలు తీస్తే అదే దోషం 1.6కి దిగుతుంది. అప్పుడు గుంపుల్ని పోల్చొచ్చు.

పోలిక ఊళ్ల మధ్య. 800 పైచిలుకు ఆవాసాలకు ఒకే రోజు నీళ్లు చేరవు. ముందు అందిన ఊరికీ తర్వాత అందిన ఊరికీ మధ్య ఉన్న ఎడమే మన ప్రయోగం. కాకపోతే ఒకే ఊరివాళ్లు ఒకే నీళ్లు, ఒకే తోట, ఒకే చుట్టరికం, అందుకే ఊరికి 30 మంది 30 మందిలా లెక్కకు రారు. ఒకే ఊరివాళ్ల మధ్య సారూప్యం (0 అంటే అస్సలు లేదు, 1 అంటే అచ్చం ఒకటే) 0.05 అనుకున్నా డిజైన్ ఎఫెక్ట్, అంటే తలల సంఖ్యను భాగించాల్సిన అంకె, 2.45. అంటే ఆ 30 మంది 12 మంది విలువ చేస్తారు. కాబట్టి ఊరికి తక్కువమంది, ఊళ్లు ఎక్కువ.

ఇక తోట_నీడ గారి చిక్కు. నీటి గుణాన్నీ తాగిన కొలతనీ విడదీయాలంటే రెండూ మూత్రంలోనే కొలవాలి. పొద్దుటి మూత్రం ఒకటి, పని దిగాక ఒకటి. రిఫ్రాక్టోమీటరు మీద ఒక్క చుక్క వేస్తే సాంద్రత తెలుస్తుంది, 1.020 దాటితే ఒంట్లో నీరు చాలలేదన్నమాట. అదే మూత్రంలో ఫ్లోరైడ్, సిలికా, లోహాలు. నీళ్లు మారిన ఊళ్లో సాంద్రత కదలకుండా ఇవి మాత్రం తగ్గి, వాలు కూడా చదునైతే మాట అడుగు_బోరు గారిది. సాంద్రత దిగినవాళ్లలోనే వాలు మారితే తోట_నీడ గారిది.

సీరం_గొట్టం:
మూత్రం దగ్గర ఒక జాగ్రత్త. కిడ్నీలోని సన్నని గొట్టికలకు దెబ్బ తగిలిందా అని చాలామంది బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ చూస్తారు. మూత్రం పీహెచ్ 6 కంటే తగ్గితే అది మూత్రాశయంలోనే చెడిపోతుంది. ఎండలో పనిచేసి నీళ్లు తాగనివాడి మూత్రం చిక్కగా, ఆమ్లంగా ఉంటుంది. అంటే ఎవరికి దెబ్బ తగిలే అవకాశం ఎక్కువో వాళ్ల దగ్గరే పరీక్ష ‘ఏం లేదు’ అంటుంది. ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్ తీసుకోండి, అది నిలబడుతుంది. పైగా ఈ జబ్బులో ఆల్బుమిన్ చాలాకాలం మామూలుగానే ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మూడో_షిఫ్టు:
నొప్పి బిళ్లల గడి మర్చిపోయారు. వారానికి ఎన్ని రోజులు, బిళ్లా ఇంజెక్షనా, డైక్లోఫెనాకా ఇంకోటా. ఆర్ఎంపీ ఇచ్చిన మందుకు చీటీ ఉండదు, కాబట్టి బిళ్లల ఖాళీ పట్టీలు తెచ్చి చూపించమనండి. ఇందులో ఏది ముందో ఏది వెనకో కూడా చూడాలి. బిళ్లల వల్ల కిడ్నీ పోయిందా, కిడ్నీ జబ్బుతో నీరసించి ఒళ్లు నొప్పులకు బిళ్లలు మింగుతున్నాడా అన్నది ఒకసారి అడిగే సర్వే చెప్పలేదు. ఆరు నెలలకోసారి అడిగితే చెప్తుంది.

హిరమండలం_గట్టు:
సరే, అయిదేళ్ల శాతం మీద నా పట్టు వదిలేస్తున్నాను. కానీ వాలు_రేఖ గారి డిజైను మొత్తం ఒకే కాయితం మీద నిలబడింది: ఏ ఊరికి ఏ తేదీన నీళ్లు చేరాయి. గ్రామీణ నీటి సరఫరా రిజిస్టరులో ఉండేది ట్యాంకుకు నీళ్లు వదిలిన తేదీ. పైపు చివరి వీధికి అవి ఎప్పుడొచ్చాయో, వారంలో ఎన్ని రోజులొచ్చాయో దాంట్లో ఉండదు.

వాలు_రేఖ:
అది రిజిస్టరుతో తేలదు, కుళాయి దగ్గరే తేలాలి. శుద్ధి చేసిన నీళ్లయితే చివరి కుళాయిలోనూ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి. రంగు మారే పొడి వేస్తే నిమిషంలో తెలుస్తుంది. ఆ ఊరి బోరు నీటి విద్యుత్ వాహకత (కరిగిన లవణాలను బట్టి మారేది) ముందే కొలిచి పెట్టుకుంటే, ట్యాంకులో నది నీళ్లున్నాయా, కరెంటు పోయినప్పుడు పాత బోరుతో నింపేశారా అన్నదీ పట్టేయొచ్చు. ఊరికి మూడు కుళాయిలు, మొదట్లో, మధ్యలో, చివర, వారానికోసారి.

అడుగు_బోరు:
నాలుగోది తోటలో బోరు.