పాలిస్తూ బరువు తగ్గడం: రెండో నెల నుంచే మొదలుపెట్టొచ్చా, ఆరు నెలలు ఆగాలా?

మోడరేటర్
ఈ మధ్య ఒకే ప్రశ్న నాలుగైదు రూపాల్లో వస్తోంది. డెలివరీ అయి రెండు నెలలు, ఇంకా పది కిలోలు ఎక్కువే ఉంది. పుట్టింట్లో నెయ్యన్నం, సున్నుండలు ఆగట్లేదు. జిమ్ వాళ్ళు కీటో (పిండిపదార్థాలు మానేసే డైట్) మొదలుపెట్టమంటున్నారు. పెద్దవాళ్ళేమో పాలు ఎండిపోతాయని భయపెడుతున్నారు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు సూటిగా చెప్పండి: ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత తగ్గాలి, ఏం మానాలి? సొంత అనుభవాలకు వేరే చర్చ ఉంది. ఇక్కడ కారణాలూ లెక్కలూ కావాలి.

పాలధార (లాక్టేషన్ కౌన్సెలర్)
నా మాట ఆరు నెలలు ఆగమనే. మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలే ఆహారం. రోజుకి దాదాపు 750 మిల్లీలీటర్ల పాలు తయారవుతాయి. నిద్ర లేదు, చాలామందికి రక్తం తక్కువ. ఈ స్థితిలో "డైట్" అన్న మాట చెవిన పడితే మొదట మానేసేది అన్నం, తర్వాత పొద్దుటి టిఫిన్. ఇక మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతాయి, సాయంత్రం బిడ్డ ఏడిస్తే "నా పాలు చాలట్లేదు" అనుకుని డబ్బా పాలు కలుపుతారు. డబ్బా పాలు తాగిన బిడ్డ రొమ్ము తక్కువ పట్టుకుంటాడు, అప్పుడు పాలు నిజంగానే తగ్గుతాయి. తినడం కాస్త తగ్గినందుకు పాలు వెంటనే ఎండిపోవు, అది నిజమే. కానీ డైట్‌తో మొదలైన కంగారు డబ్బా పాలకు దారి తీస్తుంది. నేను భయపడేది దానికే.

తార్నాక_పోషణ (డైటీషియన్)
పాలధార గారూ, డబ్బా పాల గొలుసు గురించి మీరన్నది అక్షరాలా నిజం. కానీ దానికి మందు ఆరు నెలలు ఆగడం కాదు, లెక్క తెలిసి తినడం.

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క చూడండి. ఎక్కువ శ్రమ లేని ఆడవాళ్ళకి రోజుకి 1,660 కేలరీలు. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి అదనంగా 600. అంటే దాదాపు 2,260. ఆరు నెలలు దాటాక ఆ అదనం 520కి పడిపోతుంది, బిడ్డ అన్నప్రాశన దాటి పాలు తగ్గించేకొద్దీ ఇంకా తగ్గుతుంది. మీరు ఆగమంటున్న ఆరు నెలలూ పాలకోసం శరీరం ఎక్కువ ఖర్చుపెట్టే రోజులే.

ఇంకో సంగతి. పాల తయారీకి అయ్యే ఖర్చులో రోజుకి 170 కేలరీల దాకా గర్భంలో చేరిన కొవ్వునుంచే వస్తుందని ఐక్యరాజ్యసమితి నిపుణుల లెక్క. తిండి సరిగ్గా సరిపోతే, ఏ డైటూ చెయ్యకుండానే నెలకి ముప్పావు కిలో చొప్పున తగ్గాలి. మన ఇళ్ళలో చాలామంది తగ్గకపోగా పెరుగుతున్నారు. ఎందుకో బాలింత పళ్ళెంలో చూడండి. మూడు పూటలా మొదటి ముద్దలో పెద్ద చెంచాడు నెయ్యి, ఒక్కో చెంచా 120 కేలరీలు, మొత్తం 360. రోజుకి రెండు సున్నుండలు, 350 పైమాటే. రెండు గ్లాసుల గేదెపాలు, చక్కెరతో కలిపి 500 దాకా. అన్నం, పప్పు లెక్కలోకి రాకముందే 1,200 అయిపోయింది.

కాబట్టి కోత పెట్టాల్సింది అక్కడ. నెయ్యి రోజంతటికీ రెండు చిన్న చెంచాలు. సున్నుండ రోజు విడిచి రోజు ఒకటి. గేదెపాల బదులు టోన్డ్ పాలు, చక్కెర లేకుండా. ఈ మూడింటితోనే 500కి మించి తగ్గుతుంది. అన్నం గిన్నె ముట్టుకోనక్కర్లేదు.

రోజు మొత్తానికి ఒక నమూనా ఇస్తున్నా, అన్నీ వండకముందు తూకాలు: బియ్యం 200 గ్రాములు (టిఫిన్ పిండితో కలిపి), కందిపప్పు 60 గ్రాములు, గుడ్లు రెండు, టోన్డ్ పాలు పెరుగు కలిపి 400 మి.లీ., వేరుశనగలు లేదా వేయించిన శనగలు 30 గ్రాములు, కూరలూ ఆకుకూరలూ 400 గ్రాములు, ఒక పండు, నూనె నాలుగు చిన్న చెంచాలు, నెయ్యి రెండు. సుమారు 1,900 కేలరీలు, 62 గ్రాముల ప్రోటీన్. పాలిచ్చే తల్లికి కావాల్సిన ప్రోటీన్ కూడా అంతే. గుడ్డు తినని ఇళ్ళలో దాని బదులు 70 గ్రాముల పనీర్, కుదరకపోతే 60 గ్రాముల శనగల గుగ్గిళ్ళు. పాలు, పెరుగు కూడా ముట్టనివాళ్ళు మాత్రం విటమిన్ బి12 డాక్టర్‌ని అడిగి వాడి తీరాలి. తల్లిలో అది లేకపోతే పాలలోనూ ఉండదు, బిడ్డ నరాలకి దెబ్బ.

ఇలా తింటే వారానికి అరకిలో లోపే తగ్గుతారు. అంతకంటే వేగం వద్దు. 1,800 కంటే కిందికి దిగొద్దు.

పాలధార
లెక్క బాగుంది మేడమ్. కానీ మీ నమూనాలో ఒక్క షరతూ లేదు. ఎనిమిది వారాల లోపు వాళ్ళకి ఇది చెప్తారా? పాలు కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడో వారం, ఆరో వారం దగ్గర బిడ్డలు గంట గంటకీ పాలు అడుగుతారు. అది ఎదిగే వేగం, పాలు చాలకపోవడం కాదు. సరిగ్గా అప్పుడే తల్లి తిండి తగ్గించి ఉంటే ఇంట్లో నెపం తిండి మీదికి పోతుంది.

ఇంకోటి, అసలు బరువు తగ్గాల్సిన అవసరం ఎవరికుంది? పెళ్ళినాటి జాకెట్ పట్టట్లేదని వచ్చేవాళ్ళే ఎక్కువ. మనవాళ్ళకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు కొలత) 23 దాటితే అధిక బరువు. 23 లోపు ఉన్నవాళ్ళు కోత పెట్టడం నేను ఒప్పుకోను.

తార్నాక_పోషణ
రెండూ ఒప్పుకుంటున్నా. ఎనిమిది వారాల లోపు కోత వద్దు, బీఎంఐ 23 లోపు ఉంటే అసలే వద్దు. కాన్పయ్యాక మొదటి రెండు వారాల్లో దిగే బరువు ఎక్కువగా నీరే, దాన్ని చూసి మురిసిపోవద్దు.

ఆరు నెలల షరతు మాత్రం నిలబడదు. 2000లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. బరువు ఎక్కువున్న, పూర్తిగా తమ పాలే ఇస్తున్న తల్లులు నాలుగో వారం నుంచి పద్నాలుగో వారం దాకా రోజుకి 500 కేలరీలు తగ్గించి, వారానికి నాలుగు రోజులు వ్యాయామం చేశారు. వారానికి అరకిలో తగ్గారు. వాళ్ళ బిడ్డల ఎదుగుదలలో తేడా రాలేదు. నేను నాలుగో వారం కూడా అనట్లేదు, ఎనిమిది అంటున్నా.

మల్కాజిగిరి_అంగన్‌వాడీ
మేడమ్‌లు ఇద్దరూ తల్లి బరువు సంగతే చెప్తున్నరు. బిడ్డ బరువు సంగతి ఎవలు చెప్తరు? తల్లి తగ్గుడు మొదలుపెట్టినంక వారం వారం బిడ్డను తూకం వెయ్యాలె. ఒకటే మిషన్ మీద, బట్టలు తీసి, ఒకటే టైముకు. మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలె, అంటే వారానికి 150 గ్రాములకు తక్కువ ఉండొద్దు. మూడు దాటినంక కొంచెం తక్కువ పెరుగుతరు, భయపడొద్దు. మదర్ అండ్ చైల్డ్ కార్డుల గ్రాఫ్ ఉంటది, గీత కిందికి వంగిందంటే తల్లి డైట్ ఆ రోజే బంద్.

రోజుకు ఆరు బట్టలన్న తడవాలె. డైపర్ ఏస్తే తెల్వదు, పగటిపూట బట్టలే కట్టుండ్రి. మూత్రం ముదురు పసుపు ఉన్నా, బిడ్డ పాలకు లేవకుండ మత్తుగ పడుకున్నా డాక్టర్‌కు చూపెట్టాలె.

మన తెలంగాణల ఆరోగ్యలక్ష్మి కింద బాలింతలకు ఆరు నెలలు సెంటర్‌ల ఒక పూట నిండు భోజనం ఉంటది. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మి.లీ. పాలు. డైట్ అని చెప్పి గుడ్డు, పాలు వదిలేసి ఇంటికి పోయి బిస్కెట్లు తింటున్నరు. గట్ల చెయ్యొద్దు. ఐరన్ గోలీ డెలివరీ అయినంక 180 రోజులు ఏసుకోవాలె. కాల్షియం గోలీ వేరే టైముల, రెండు గంటలు ఎడం ఉండాలె. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టది.

నడుము_పొట్ట (ఫిజియోథెరపిస్ట్)
పొట్ట గురించి ఎవరూ ఎత్తలేదు. నిజానికి వచ్చేవాళ్ళలో చాలామంది బాధ తూకం కాదు, పొట్ట. అందులో కొంత కొవ్వు కాదు, మధ్యలో విడిపోయిన కండరం.

ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. వేళ్ళు పాదాలవైపు చూసేలా, వేళ్ళ కొసల్ని బొడ్డు మీద పక్కపక్కన ఆనించి, తల కొద్దిగా పైకెత్తండి. రెండు కండరాల మధ్య సందులో ఎన్ని వేళ్ళు పడుతున్నాయో చూడండి. బొడ్డుకి రెండంగుళాల పైనా, కిందా కూడా చూడాలి. రెండు వేళ్ళకంటే ఎక్కువ పట్టినా, తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా పొడుచుకొచ్చినా సిట్‌అప్స్, క్రంచెస్, ప్లాంక్ ముట్టుకోవద్దు. చేసేకొద్దీ సందు పెరగొచ్చు.

ముందు చెయ్యాల్సినవి తేలికవే. ఊపిరి వదులుతూ బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి లాక్కోవడం. మూత్రం ఆపుకున్నట్టు కటి కండరాల్ని ఐదు సెకన్లు బిగించి వదలడం, పదిసార్లు, రోజుకి మూడు విడతలు. మూత్రం పోస్తున్నప్పుడు మాత్రం ఈ సాధన చెయ్యొద్దు. తర్వాత మడమలు జార్చడం (వెల్లకిలా పడుకుని, మడిచిన కాలి మడమని నేలమీద జారుస్తూ చాపడం), బ్రిడ్జ్ (మోకాళ్ళు మడిచి పడుకుని నడుము పైకెత్తడం). సిజేరియన్ అయితే నడక మొదటి రోజుల నుంచే, మిగతావి ఆరు నుంచి ఎనిమిది వారాల చెకప్ తర్వాతే. అప్పటిదాకా బిడ్డకంటే బరువైనది ఎత్తొద్దు. నీళ్ళ టిన్ను అసలే వద్దు.

నడికట్టు కొవ్వు కరిగించదు. మొదటి వారాల్లో లేచి కూర్చోవడానికి ఆసరాగా వదులుగా కట్టుకుంటే పర్లేదు. ఊపిరాడనంత బిగిస్తే ఒత్తిడంతా కిందికి పోతుంది. తుమ్మితే మూత్రం జారడం, గర్భసంచి కిందికి దిగడం దానివల్ల పెరగొచ్చు.

వ్యాయామంతో పాలు పులుస్తాయనే మాట నమ్మొద్దు. పాలిచ్చాక వెళ్తే రొమ్ములు తేలిగ్గా ఉంటాయి, అంతే. అరగంట చురుగ్గా నడిస్తే 120 కేలరీల దాకా ఖర్చవుతుంది, అంటే ఒక పెద్ద చెంచా నెయ్యి. అందుకే కోత వంటింట్లోనే పెట్టాలి, నడక ఒంటి బలానికి. వేసవిలో మన ఊళ్ళో పొద్దున ఏడులోపు ముగించండి.

ఫిట్_కూకట్‌పల్లి (ట్రైనర్)
అరకిలో చొప్పున అంటే పది కిలోలకి ఐదు నెలలు. పిండిపదార్థాలు మానేసి కీటో చేస్తే, లేదా పదహారు గంటలు తినకుండా ఉంటే ఇంకా త్వరగా అవుతుంది కదా? మిగతావాళ్ళకి పనిచేసేది వీళ్ళకి ఎందుకు వద్దు?

తార్నాక_పోషణ
మిగతావాళ్ళ శరీరం రోజూ 50 గ్రాముల చక్కెరని బయటికి పంపదు కాబట్టి. తల్లిపాలలో ప్రతి 100 మి.లీ.కి ఏడు గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. 750 మి.లీ.కి యాభై గ్రాములు దాటుతుంది. అన్నం, రొట్టె మానేసినా పాల తయారీ ఆగదు. రక్తంలో గ్లూకోజ్ అటు పోతుంది, కాలేయం కొవ్వుని కరిగించి కీటోన్లు తయారు చేస్తూనే ఉంటుంది. అవి మితిమీరితే రక్తం ఆమ్లంగా మారుతుంది. ఈనిన గేదెకి మేత చాలక కీటోసిస్ రావడం పాడి ఉన్న ఊళ్ళలో అందరికీ తెలుసు. పాలిచ్చే తల్లుల్లోనూ, అసలు షుగరే లేనివాళ్ళకి, కీటో డైట్ వల్లా పస్తుల వల్లా ఇలా ఐసీయూ దాకా వెళ్ళిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం కనిపిస్తే గ్లూకోమీటర్‌లో షుగర్ మామూలుగా ఉందని ఊరుకోవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళి కీటోన్లు చూపించాలి. వాంతులతో తిండి సహించనప్పుడు, జ్వరంలో, ఉపవాస దినాల్లో కూడా ఈ ముప్పు ఉంది.

రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫిన్‌కీ మధ్య పది, పదకొండు గంటలు చాలు. అర్ధరాత్రి పాలిస్తూ ఆకలేస్తే గ్లాసు మజ్జిగో, గుప్పెడు శనగలో తినండి, ఆపుకోవద్దు.

నీళ్ళు కూడా. బాలింతకి నీళ్ళు తక్కువ పొయ్యాలనే పద్ధతి ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. దానివల్ల మలబద్ధకం, మూత్రంలో మంట తప్ప లాభం లేదు. బిడ్డ పాలు తాగిన ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు పెట్టుకోండి. దాహానికి మించి తాగినందువల్ల పాలేమీ పెరగవు.

ప్రశ్న (కొత్త సభ్యురాలు)
బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. పాలు మానేవరకూ వద్దా?

తార్నాక_పోషణ
వద్దు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ పాలిచ్చే రోజుల్లో సిఫార్సు చెయ్యరు. సెమాగ్లుటైడ్ బిళ్ళ అయితే అసలే కూడదు. మందు కడుపులోంచి ఒంట్లోకి పోవడానికి అందులో కలిపే పదార్థం పాలలోకి రావచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మే కొవ్వు కరిగించే పొడులు కూడా అంతే, లోపల ఏముందో డబ్బా మీద పూర్తిగా రాయరు.

తిండి సరిచేసి రెండు నెలలైనా తూకం ముల్లు కదలకపోతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్ చేయించండి. కాన్పు తర్వాత థైరాయిడ్ వాపు రావడం అరుదేమీ కాదు. మొదటి నెలల్లో హార్మోన్ ఎక్కువై చిక్కిపోతారు, తర్వాత తక్కువై బరువు పెరుగుతారు. ఏమీ చెయ్యకుండానే వారానికి కిలో చొప్పున దిగిపోతున్నా పరీక్ష చేయించాలి, అందులో క్షయ, షుగర్ కూడా చూడాలి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష తప్పక చేయించుకోవాలి. బిడ్డ టీకాలకి వెళ్ళే పదో వారం గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

పాలధార
ఎనిమిది వారాలు, బీఎంఐ 23 పైన, బిడ్డ బరువు ప్రతి వారం చూస్తూ. ఈ మూడూ ఉంటే నేనూ సరే అంటాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకీ, కవలలకీ మాత్రం నా ఆరు నెలల మాట నేను వెనక్కి తీసుకోను.

తార్నాక_పోషణ
నెలలు తక్కువ బిడ్డ విషయం పిల్లల డాక్టర్ చెప్పినట్టే. కవలలకి పూర్తిగా తల్లిపాలే ఇస్తుంటే పాలకయ్యే ఖర్చు దాదాపు రెట్టింపు. వాళ్ళకి పైన ఇచ్చిన నమూనా పనికిరాదు. బియ్యం, పప్పు, పాలు మూడూ పెంచాలి. అక్కడ మీ మాటే సరి. ఇద్దరి తూకం ఇచ్చి ఎవరైనా అడిగితే వేరుగా లెక్క వేసి ఇస్తాను.